తలుపుకు చెప్పే రహస్యం

ఆలీబాబా కథ తెలియని తెలుగు పాఠకులు అరుదు. కట్టెలు కొట్టుకొని బ్రతికే పేదవాడొకడు చెట్టు కొమ్మల్లో దాగి, దొంగల నాయకుడు గుహ ముందు నిలబడి పలికిన మాటను విన్నాడు. దొంగలు వెళ్లిపోయిన తరువాత అదే మాటను తాను పలికాడు, గుహ తెరుచుకున్నది. అతని అన్న ఖాసిం లోపలికి పోయి, తిరిగి వచ్చే వేళకు ఆ మాటను మరచి, నువ్వుల పేరుకు బదులు తోచిన ధాన్యాల పేర్లన్నీ వరుసగా పలుకుతూ ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఈ కథ ప్రాచీనమైన అరబ్బీ వ్రాతప్రతులలో కనిపించదు. ఆంత్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి అనువాదకుడు సిరియా దేశపు కథకుడొకరి నోట విని, తన ‘వేయిన్నొక్క రాత్రుల’ అనువాదంలో చేర్చగా 1717లో అది వెలుగు చూసింది.

మూడు వందల సంవత్సరాల తరువాత కూడా, మీట నొక్కితే తెరుచుకునే తలుపులను దొంగలు జయించే మార్గాలలో ముఖ్యమైనవి ఆ రెండే. ఒకటి, మాటను విని మళ్లీ పలకడం. రెండవది, అసలు మాట తగిలేవరకు అన్ని మాటలనూ వరుసగా పలికి చూడడం. ఆలీబాబా మొదటి పని చేశాడు. ఖాసిం రెండవదానికి ప్రయత్నించాడు. గుహ తలుపులో ఉన్న లోపం మాత్రం ఒక్కటే. పలికినది ఎవరని అది అడగలేదు. మాట సరిపోతే చాలుననుకున్నది.

అమెరికాలో పిల్లలు స్థిరపడిన తల్లిదండ్రులకు ఇటువంటి తలుపు పరిచితమే. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఊరి వెలుపలి కాలనీలో ఇల్లు. కారు వీధి మలుపు తిరుగుతుండగానే కొడుకు చిన్న మీట నొక్కుతాడు. వెడల్పయిన గ్యారేజి తలుపు పలకలు పలకలుగా పైకి లేచి లోకప్పు కిందికి చేరుతుంది. కారు లోపలికి పోగానే వెనుక తలుపు దిగిపోతుంది. గ్యారేజి నుంచి చిన్న ద్వారం గుండా నేరుగా ఇంట్లోకి నడవవచ్చును. అలంకారంగా నిలిచిన ముందు తలుపు అతిథులకే పరిమితం. గ్యారేజికీ ఇంటికీ నడుమ ఉన్న ఆ చిన్న ద్వారానికి చాలామంది గడియ అయినా వేయరు.

మన పద్ధతిలో వీధి గేటు వేరు, సింహద్వారం వేరు. గేటు తెరుచుకున్నంత మాత్రాన ఇల్లు తెరుచుకోదు. అక్కడ ఎన్నో కుటుంబాలకు గ్యారేజి తలుపే గేటు, అదే సింహద్వారం. పగలు కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లిన తరువాత ఆ ఇంట్లో మిగిలేది, ఆరు నెలల వీసా మీద వెళ్లిన వృద్ధ దంపతులు కావచ్చును. ఆ తలుపు ఎవరి మాట వింటుందన్నది వారికి చిన్న ప్రశ్న కాదు.

గ్యారేజి తలుపును విద్యుత్ మోటారుతో ఎత్తే యంత్రం అమెరికాలో 1926లోనే పుట్టింది. రేడియో మీటలు వ్యాపించినది రెండవ ప్రపంచ యుద్ధం తరువాత. తొలినాటి రిమోట్లకు సంకేతమనేదే లేదు. ఫలానా పౌనఃపున్యం మీద తరంగం వస్తే చాలు, తలుపు లేచేది. పొరుగింటాయన తన తలుపుకు మీట నొక్కితే మన తలుపు కూడా తెరుచుకునేది. ఈ ఇబ్బందిని తొలగించడానికి రిమోట్‌లోనూ, మోటారు పెట్టెలో ఉన్న రిసీవరులోనూ ఒక వరుస చిన్న చిన్న స్విచ్చులను అమర్చారు. ఒక్కొక్క స్విచ్చును పైకో కిందికో పెట్టవచ్చును. రెండు చోట్లా వరుస ఒకే విధంగా ఉంటేనే తలుపు కదులుతుంది. ఎనిమిది స్విచ్చులయితే 256 వరుసలు సాధ్యం, పన్నెండయితే 4,096.

పొరుగువారిని వేరుచేయడానికి ఈ లెక్క చాలినంతే. దొంగను ఆపడానికి మాత్రం చాలదు. ఆ సంగతిని 2015లో అమెరికా పరిశోధకుడు సామీ కామ్కర్ అందరికీ అర్థమయ్యే రీతిలో నిరూపించాడు. పిల్లలు పరస్పరం సందేశాలు పంపుకునేందుకు మాటెల్ సంస్థ ఒకప్పుడు అమ్మిన బొమ్మ పరికరాన్ని ఆయన కొద్దిగా మార్చి, స్విచ్చుల రకపు గ్యారేజి తలుపులను పది సెకన్ల లోపున తెరవగలిగాడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఓపెన్ సెసేమ్’, అనగా గుహ ముందు దొంగల నాయకుడు పలికిన మాటే.

4,096 మాటలను పది సెకన్లలో పలకడం ఎలా సాధ్యం? ఒక్కొక్క మాటనూ విడిగా, మధ్యమధ్య ఆగుతూ, పలుమార్లు పంపుతూ పోతే సుమారు అరగంట పడుతుందని కామ్కర్ లెక్క కట్టాడు. అంతసేపు ఇంటి ముందు నిలబడే దొంగ ఉండడు. కాని ఆ పాత రిసీవర్లకు ఒక బలహీనత ఉన్నది. మాట ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ముగిసిందో అవి చూడవు. వచ్చిన సంకేతాల ప్రవాహంలో చివరి పన్నెండింటిని చూస్తాయి. సరిపోకపోతే అన్నింటినీ చెరిపివేయక, ఒక్క సంకేతాన్ని వదలి మరొకదాన్ని చేర్చుకొని మళ్లీ చూస్తాయి.

దీని పర్యవసానం తెలుగులో ఛందస్సు చదివినవారికి వెంటనే బోధపడుతుంది. గురువు, లఘువు అనే రెండింటితో మూడక్షరాల గణాలు ఎనిమిది ఏర్పడతాయి. వాటిని విడివిడిగా వ్రాస్తే ఇరవైనాలుగు అక్షరాలు కావాలి. కాని బడిలో మనకు నేర్పే ‘యమాతారాజభానసలగం’ అనే గుర్తులో ఉన్నవి పది అక్షరాలే. మొదటి అక్షరం నుంచి మూడు తీసుకుంటే యమాతా, యగణం. ఒక అక్షరం జరిపితే మాతారా, మగణం. మరొకటి జరిపితే తారాజ, తగణం. ఆ విధంగా చివరి సలగం వరకు జరిపితే ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి. ప్రతి గణమూ తన ముందు గణం నుంచి రెండు అక్షరాలను అరువు తెచ్చుకుంటుంది కనుక ఇంత పొదుపు సాధ్యమయింది.

డచ్చి గణితవేత్త నికొలాస్ డి బ్రుయిన్ 1946లో ఇటువంటి వరుసలను గురించి వ్రాశాడు. గణితంలో ఇవి ఆయన పేరుతోనే ప్రసిద్ధం. కామ్కర్ ఉపయోగించినది వాటినే. పన్నెండు స్విచ్చుల మాటలు 4,096ను విడివిడిగా పంపాలంటే 49,152 సంకేతాలు కావాలి. యమాతారాజ పద్ధతిలో పేర్చితే 4,107 చాలు. మన లాక్షణికులు జ్ఞాపకశక్తికి ఊతగా వాడిన ఉపాయమే వేరొక దేశంలో తలుపు తాళాన్ని ఓడించింది. తన ప్రదర్శన దొంగలకు ఉపకరించకూడదని కామ్కర్, ప్రకటించిన ప్రోగ్రాములో కావలెననే కొన్ని లోపాలు ఉంచాడు. లోపాలను సవరించుకోగలవాడికి ఆ ప్రోగ్రాముతో పని లేదన్నది వేరే సంగతి.

స్విచ్చుల సంఖ్యను ఇంకా పెంచితే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చును. అది ఖాసింను ఆపుతుంది, ఆలీబాబాను ఆపదు. మాట ఎంత పొడవైనదయినా ప్రతిసారీ అదే మాట అయినప్పుడు, చెట్టు మీద కూర్చున్నవాడు ఒక్కసారి వింటే చాలును. రేడియో తరంగాలను విని, నిలువచేసి, తిరిగి పంపే పరికరాలు నేడు బజారులో దొరుకుతున్నాయి. కనుక రక్షణ మాట పొడవులో లేదు. ఒకసారి పలికిన మాట మరొకసారి చెల్లకుండా ఉండడంలో ఉన్నది.

1990ల నడుమ నుంచి అమెరికా గ్యారేజి యంత్రాలలోకి వచ్చిన ‘రోలింగ్ కోడ్’ చేసినది ఇదే. దీనిని బ్యాంకు చెక్కు పుస్తకంతో పోల్చవచ్చును. ప్రతి చెక్కుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఒకసారి సొమ్ము చెల్లించిన చెక్కును మళ్లీ తెస్తే బ్యాంకు ఇవ్వదు. రిమోట్‌లో కూడా మీట నొక్కిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కను రిమోట్‌కూ రిసీవరుకూ మాత్రమే తెలిసిన రహస్యపు తాళంతో కలిపి గుర్తుపట్టరాని సంఖ్యగా మార్చి పంపుతారు. రిసీవరు తన లెక్కతో సరిచూసుకొని, తలుపు తెరిచి, ఆ సంఖ్యను కొట్టివేస్తుంది. ఇంట్లో పిల్లవాడు ఆటగా నాలుగుసార్లు మీట నొక్కి లెక్కను ముందుకు జరిపినా ప్రమాదం లేదు. పుస్తకంలో కొన్ని చెక్కులు ముందున్న దానినయినా రిసీవరు అంగీకరిస్తుంది. వెనుకటిదానిని మాత్రం అంగీకరించదు.

ఇది పెద్ద ముందడుగు. అయినా చివరి అడుగు కాదు. ఈ తరహా సంకేతాలలో చాలా ప్రచారం పొందిన కీలాక్ అనే విధానం 1980లలో దక్షిణాఫ్రికాలో రూపొందింది. 1995లో అమెరికాలోని మైక్రోచిప్ సంస్థ దానిని కొన్నది. 2008లో జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రిసీవరు పని చేసే వేళ దాని విద్యుత్ వినియోగంలో కలిగే సూక్ష్మమైన హెచ్చుతగ్గులను కొలిచి, తయారీదారు వాడే మూల రహస్యాన్ని రాబట్టవచ్చునని చూపారు. ఆ రహస్యం ఒక్కసారి దొరికితే, నూరు మీటర్ల దూరం నుంచి రెండు సందేశాలను మాత్రం విని, ఆ తయారీదారు రిమోట్‌కు నకలు చేయవచ్చును. ఇంటింటికీ తాళం వేరయినా, తాళాలన్నీ పుట్టే అచ్చు ఒక్కటి కావడమే ఇక్కడి చిక్కు.

మూల రహస్యం జోలికి పోకుండానే మోసం చేసే మార్గం మరొకటి ఉన్నది. రేడియో సంకేతాన్ని అడ్డుకోవడం కష్టం కాదు. 2004లో ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరంలో కొత్త సైనిక రేడియో వ్యవస్థను పరీక్షించినప్పుడు, చుట్టుపక్కల ఇళ్లలో గ్యారేజి రిమోట్లు పనిచేయక జనం విస్తుపోయారు. రెండూ ఒకే పౌనఃపున్య శ్రేణిలో ఉండడమే కారణం. అక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. అదే పని బుద్ధిపూర్వకంగా చేస్తే ఏమవుతుందో కామ్కర్ 2015 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సమావేశంలో చూపించాడు. ఆ చిన్న పరికరానికి అయిన ఖర్చు సుమారు 30 డాలర్లు.

మళ్లీ చెక్కుల ఉపమానమే తీసుకుందాం. మీరు పంపిన మొదటి చెక్కు బ్యాంకుకు చేరకుండా దొంగ దారిలో పట్టుకున్నాడు. తలుపు కదలలేదు కనుక మీరు మళ్లీ మీట నొక్కారు. అనగా రెండవ చెక్కు పంపారు. దానిని కూడా అతడు పట్టుకొని, మొదటిదానిని బ్యాంకుకు అందించాడు. తలుపు తెరుచుకున్నది. మొదటిసారి సరిగా నొక్కలేదేమోనని మీరు సమాధానపడ్డారు. కాని ఇంకా చెల్లని రెండవ చెక్కు అతని జేబులో ఉన్నది. ఆ తరువాత మీ రిమోట్ నుంచి మరొక సంఖ్య అడ్డు లేకుండా రిసీవరుకు చేరితే, అతడు దాచుకున్నది చిత్తు కాగితమే. అందువల్ల ఈ మోసానికి దొంగ దగ్గరలోనే పొంచి ఉండాలి, త్వరపడాలి. సామాన్య దొంగ పూనుకునే పని కాదు. అయినా అసాధ్యం కాదు.

ఇటీవలి కాలంలో మరో ద్వారం తెరుచుకున్నది. ఆఫీసులో కూర్చుని ఫోను ద్వారా ఇంటి గ్యారేజి తలుపు తీయవచ్చును. ఈ సదుపాయంలో మాట మీ వీధి నుంచి కాక, ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరు నుంచి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే సంస్థ పరికరాలను గురించి అమెరికా ప్రభుత్వపు సైబర్ భద్రతా విభాగం హెచ్చరిక జారీ చేసింది. ఆ పరికరాలన్నీ కంపెనీ కంప్యూటరుతో మాట్లాడడానికి ఒకే రహస్యపదాన్ని వాడుతున్నట్లు ఒక పరిశోధకుడు కనుగొన్నాడు. అది తెలిసినవాడు ఏ ఖండంలో ఉన్నా ఇతరుల తలుపులను తెరవగలడు. అటువంటి పరికరాలు 40 వేలకు పైగా ఉండవచ్చునని అంచనా. కొత్త యంత్రం గనుక భద్రమైనదనే నమ్మకం ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది.

ఇంతటి గణితాన్ని దాటి, చివరకు ఒక ఇనుప తీగ ముక్క దగ్గర ఆగక తప్పదు. మోటారుకూ తలుపుకూ ఉన్న లంకెను విడదీయడానికి లోపల ఎర్రని పిడి గల తాడు వేలాడుతుంటుంది. తలుపు పై అంచు సందులోంచి వంచిన తీగను దూర్చి ఆ తాడును లాగి తలుపును చేత్తో ఎత్తిన దొంగలున్నారు. అలాగని తాడును కోసివేయడం తగదు. కరెంటు పోయినప్పుడు, పొగ కమ్ముకున్నప్పుడు లోపలివారు బయటపడేది దానితోనే. 2017లో కాలిఫోర్నియాను కాల్చిన కార్చిచ్చులలో, విద్యుత్తు లేక గ్యారేజి తలుపులు తెరవలేక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత ఆ రాష్ట్రం చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి అమ్మే గ్యారేజి యంత్రాలకు బ్యాటరీని తప్పనిసరి చేసింది. దొంగకు తెరుచుకోని తలుపు, ఇంటివారికి ఆపదలో తెరుచుకొని తీరాలి. ఈ రెండు ధర్మాలలో ఏ ఒక్కదాని కోసమూ రెండవదానిని బలి పెట్టరాదు.

ఇక గృహస్థు చేయదగిన పనులు. ముందుగా రిమోట్ వెనుక మూత తీసి చూడాలి. చిన్న స్విచ్చుల వరుస కనిపిస్తే అది పాత రకం. మరొక ఆనవాలు కూడా ఉన్నది. అమెరికాలో 1993 జనవరి 1 తరువాత తయారైన గృహోపయోగ యంత్రాలు, దిగుతున్న తలుపు కింద పిల్లలు చిక్కకుండా కాపాడే ఏర్పాటుతో రావాలని చట్టం. సాధారణంగా అవి నేలకు అర అడుగు లోపున ఎదురెదురుగా అమర్చిన రెండు కాంతి కళ్లు. అటువంటి ఏర్పాటు ఏదీ లేని యంత్రం అంతకు ముందుదై ఉంటుంది. దాని సంకేతం కూడా పాతదే అనుకోవచ్చును. పిల్లల కోసమైనా ఆ యంత్రాన్ని మొత్తంగా మార్చడం మేలు. మిగిలిన పాత యంత్రాలలో రోలింగ్ కోడ్ రిసీవరును మాత్రం విడిగా కొని తగిలించవచ్చును.

కొత్తగా ఇల్లు కొన్నవారు, మోటారు పెట్టె గుర్తుంచుకున్న పాత రిమోట్లన్నింటినీ చెరిపివేసి, తమవి మాత్రం తిరిగి నేర్పాలి. ‘లెర్న్’ అనే మీటతో ఇది ఎలా చేయాలో యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. పూర్వపు యజమాని, ఆయన పనిమనిషి, ఇల్లు చూపించిన దళారి, వీరిలో ఎవరి చేతిలో రిమోట్ మిగిలిపోయిందో చెప్పలేము. వీధిలో నిలిపే కారులో రిమోట్ వదలకూడదు. కారు అద్దం పగలగొట్టినవాడికి ఏ గణితమూ అక్కరలేదు. చిరునామా కూడా కారు కాగితాలలోనే దొరుకుతుంది. ఫోను ద్వారా తీసే తలుపయితే, ఆ ఖాతాకు మరెక్కడా వాడని రహస్యపదం, రెండంచెల ధ్రువీకరణ అవసరం. కంపెనీ పంపే సవరణలను వాయిదా వేయరాదు. ఊరికి వెళ్లేటప్పుడు తలుపుకు లోపలి నుంచి గడియ వేసి, మోటారు ప్లగ్గు తీసివేయాలి. గడియ వేసి ఉండగా మోటారు తిరిగితే తలుపు, యంత్రం రెండూ పాడవుతాయి.

ఈ సంగతులు అమెరికాకే పరిమితం అనుకోనక్కరలేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నగరాలలో జరిగే గేట్లకూ, దుకాణాల షట్టర్లకూ రిమోట్లు వచ్చి చాలా కాలమయింది. వీటిలో చవక రకాలు అనేకం 433 మెగాహెర్ట్‌జ్ మీద ఎప్పుడూ ఒకే సంఖ్యను పంపుతాయి. ఆ సంఖ్యకు 10,48,576 రూపాలు సాధ్యమని అమ్మకందారు చెప్పవచ్చును. చెట్టు మీదివాడి ముందు ఆ లెక్క నిలవదని ఇంతకు ముందే చూశాము. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఇంజనీరును పిలవనక్కరలేదు. మారు తాళాలు చేసే దుకాణంలో మీ రిమోట్‌ను మరొక రిమోట్ ఎదుట పెట్టి, రెండు నిమిషాలలో నకలు చేసి ఇచ్చారంటే, అది మాట మార్చని రకమే అయి ఉంటుంది. దుకాణదారు చేయగలిగిన పని మరొకడూ చేయగలడు. కొత్తది కొనేటప్పుడు రోలింగ్ కోడ్ అవునా కాదా అని అడిగి, కాగితం మీద చూపమనడం ఉత్తమం.

అన్నింటికన్న చవకైన రక్షణ మాత్రం రేడియోలో లేదు. గ్యారేజి తలుపును గేటుగానే చూసి, ఇంట్లోకి పోయే చిన్న ద్వారాన్ని సింహద్వారంగా ఎంచడంలో ఉన్నది. ఆ ద్వారానికి గట్టి చెక్క తలుపు, మంచి తాళం, లోపలి వైపు చేతికి సులువుగా అందే గడియ ఉండాలి. పగలయినా రాత్రయినా దానిని వేసే అలవాటు ఉండాలి. పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి యంత్రాల మర్మం తెలుసుకోకపోయినా ఫరవాలేదు. కొడుకు కారు వీధి మలుపు దాటగానే వెళ్లి, మన ఊళ్లో వేసినట్లే ఆ గడియ వేసి రావడం చాలును. ఏ సంకేతమూ దానిని బయటి నుంచి తీయలేదు.